నాయన చెయ్యి తెగింది, గుడ్డ తీసి చూసినప్పుడల్లా రక్తం మళ్ళీ వస్తోంది. ఎందుకు?

బెంగళూరాతోట (చంద్రగిరి దగ్గర) | సాయంత్రం 6:10

అందరికీ నమస్కారం. నిన్న పొద్దున తోటలో కొమ్మలు సవరించేటప్పుడు మచ్చుకత్తి జారి మా నాయనకు ఎడమ అరచేతిలో, బొటనవేలి కింద తెగింది. రెండంగుళాల గాటు. నా తువ్వాలు చుట్టి పట్టుకున్నా. నిమిషం ఆగి తీసి చూస్తే రక్తం. మళ్ళీ చుట్టినా, మళ్ళీ చూసినా, మళ్ళీ రక్తం. అట్లా ఏడెనిమిదిసార్లు. కూలికి వచ్చిన పెద్దాయన గడ్డిచామంతి ఆకు నలిపి పెట్టినాడు. ఇంటికి పోతే అవ్వ కాఫీపొడి అద్దింది. ముప్పావు గంటకు గానీ నిలవలేదు. తర్వాత ఆసుపత్రికి తీసుకుపోతే కడిగి, నాలుగు కుట్లు వేసి, టీటీ సూది వేసి పంపినారు.

రెండు సంగతులు నాకు నిద్ర లేకుండా చేస్తున్నాయి. నాకు చిన్నప్పుడు ఇంతకంటే పెద్ద దెబ్బలే తగిలినాయి, ఐదు నిమిషాల్లో రక్తం నిలిచిపోయేది. ఆయనకెందుకు నిలవలేదు? ఎనిమిది నెలల కింద గుండెకు స్టెంటు వేసినారు. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ రోజూ వేసుకుంటాడు. రెండోది, "ఆ మాత్రలే రక్తాన్ని నీళ్ళు చేసినాయి, పుండు మానేదాకా ఆపేయండి" అని ఊర్లో అందరూ చెప్తావుండారు. నాయన నిన్న రాత్రి మాత్రలు వేసుకోలేదు. అసలు తెగినచోట రక్తం ఎట్లా గడ్డ కడుతుందో తెలిసినోళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

పాతనర్సమ్మ (తిరుపతి) | 6:25

అబ్బాయ్, తక్కినవన్నీ తర్వాత. ముందు మాత్రల సంగతి. స్టెంటు వేసి ఎనిమిది నెలలే అయిన మనిషి ఆ రెండు మాత్రలూ సొంతంగా ఆపకూడదు, ఒక్కపూట కూడా. స్టెంటు అంటే గుండె రక్తనాళంలో పెట్టిన లోహపు జాలీ. దాని మీద ఒంటి పొర పూర్తిగా పరుచుకోవడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా రక్తానికి అది పరాయి వస్తువే, దాని మీద గడ్డ కట్టాలనే చూస్తుంది. ఇప్పుడే మీ గుండె డాక్టరుకు ఫోను చేసి రాత్రి మాత్రలు తప్పాయని చెప్పు.

31 ఏళ్ళు వార్డుల్లో పనిచేశాను. పన్ను పీకించుకోవడానికని పక్కింటివాళ్ళ మాట విని మాత్రలు ఆపేసి, నాలుగో రోజు గుండెపోటుతో వచ్చిన ఒకాయన్ను నా చేతులతో స్ట్రెచరు మీదికి ఎక్కించాను. ఆయన ఇంటికి తిరిగి పోలేదు. చేతి మీది రక్తాన్ని వేలితో అదిమి ఆపగలం. గుండె నాళంలో పుట్టిన గడ్డ దగ్గరికి మన వేలు పోదు.

బెంగళూరాతోట | 6:52

ఫోను చేసినానక్కా. వెంటనే వేసుకోమన్నారు, తప్పినదానికి కలిపి రెండింతలు మాత్రం వద్దన్నారు. వేసుకున్నాడు.

బయాలజీటీచరు (చిత్తూరు) | 7:40

మీ ప్రశ్నకు సగం జవాబు మీ మాటల్లోనే ఉంది. "తీసి చూసినప్పుడల్లా" అన్నారు చూడండి, అదే.

నాళం తెగగానే మొదట జరిగేది ఆ నాళం తనంతట తాను ముడుచుకోవడం. దాని గోడలో కండరం ఉంటుంది, బిగుసుకుని దారి ఇరుకు చేస్తుంది. సెకన్ల పని అది. ఆ వెనకే ప్లేట్‌లెట్లు. ఒక మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. డెంగీ జ్వరాల పుణ్యాన ఈ లెక్క మన ఊళ్ళలో అందరికీ నోటికి వచ్చిందే. ఎముక మజ్జలో ఉండే పెద్ద కణాల నుంచి తునకలుగా రాలతాయి, 7 నుంచి 10 రోజులు బతుకుతాయి. గాయం దగ్గర గడ్డకు పునాది వేసేది ఇవేనని 1882లో ఇటలీ శాస్త్రవేత్త బిజోజెరో చూపించాడు.

నాళం లోపలి పొర నున్నగా ఉన్నంతకాలం ప్లేట్‌లెట్లు దానికి అంటకుండా పోతుంటాయి. పొర చిరిగితే కిందున్న కొలాజెన్ పీచు బయటపడుతుంది. రక్తంలో తిరిగే వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రొటీన్ ఆ పీచుకు అంటుకుని, పరుగెత్తే ప్లేట్‌లెట్‌ను కొంగు పట్టి లాగినట్టు నిలబెడుతుంది. నిలబడిన ప్లేట్‌లెట్ బిళ్ళ ఆకారం పోయి ముళ్ళు ముళ్ళుగా అవుతుంది. ఏడీపీ, థ్రాంబాక్సేన్ అనే రసాయనాలు వదులుతుంది. దారిన పోయే ప్లేట్‌లెట్లకు అది కేక. అవీ వచ్చి చేరతాయి.

2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్టకు లీకు పడితే ఇసుక బస్తాలు తెచ్చి వేశారు గుర్తుందా? ప్లేట్‌లెట్ల కుప్ప అలాంటిదే. కారడం తగ్గిస్తుంది గానీ దానికదే గట్టిగా నిలవదు. బస్తాలను కదలకుండా పట్టి ఉంచే వల కావాలి. ఆ వలే ఫైబ్రిన్.

నాళం బయట ఉండే కణజాలంలో టిష్యూ ఫ్యాక్టర్ ఉంటుంది. తెగినప్పుడే అది రక్తానికి తగులుతుంది. రక్తంలో గడ్డ కట్టించే ప్రొటీన్లు కొన్ని నిద్రలో తిరుగుతుంటాయి, వాటిని ఫ్యాక్టర్లు అని నంబర్లతో పిలుస్తారు. టిష్యూ ఫ్యాక్టర్ రక్తానికి తగలగానే 7వ ఫ్యాక్టర్‌తో కలిసి 10వ ఫ్యాక్టర్‌ను లేపుతుంది. ఆ 10వది ప్రోథ్రాంబిన్‌ను థ్రాంబిన్‌గా మారుస్తుంది. కాస్త థ్రాంబిన్ పుడితే చాలు, అది వెనక్కి తిరిగి 5, 8, 11 ఫ్యాక్టర్లను ఉసిగొల్పి ఇంకా బోలెడు థ్రాంబిన్ పుట్టిస్తుంది. రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌కు చివర్లు కత్తిరించేది ఈ థ్రాంబినే. కత్తిరింపు పడ్డ అణువులు ఒకదానికొకటి అతుక్కుని దారాలవుతాయి. ఆఖరున 13వ ఫ్యాక్టర్ దారానికీ దారానికీ అడ్డముడులు వేస్తుంది.

ఇదంతా అయ్యేందుకు నిమిషాలు పడుతుంది. మీరు నిమిషానికోసారి తువ్వాలు తీశారు. ముడి పడని వల తువ్వాలు పోగులకు అంటుకుని ఊడొచ్చేసింది. నాన్నగారి ఒళ్ళు ఏడెనిమిదిసార్లు పని మొదటినుంచి మొదలుపెట్టింది.

పాతనర్సమ్మ | 8:05

టీచరమ్మ చెప్పినదానికి చేతి పని నేను చెప్తాను. శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా అదమాలి. గడియారం చూసి 10 నిమిషాలు. ఇలాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకు 15. మధ్యలో తీయొద్దు. గుడ్డ తడిసిపోతే తీయకుండా దాని మీదే ఇంకోటి వేసి అదమండి. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి. రక్తం చిమ్ముతూ వస్తున్నా, 15 నిమిషాలు అదిమినా నిలవకపోయినా, వేళ్ళు తిమ్మిరెక్కినా అదిమి పట్టుకునే ఆసుపత్రికి బయల్దేరండి. మనవాళ్ళు ఏం చూడాలని తీస్తారో గానీ, నేను చూసిన పది మందిలో తొమ్మిది మంది తీసి చూస్తారు.

బయాలజీటీచరు | 8:20

మాత్రల మాట మిగిలిపోయింది. "రక్తం నీళ్ళవుతుంది" అనేది తప్పు. రక్తం చిక్కదనం మారదు. ఇందాక కేక అన్నాను కదా, ఎకోస్ప్రిన్‌లో ఉండే ఆస్పిరిన్ ప్లేట్‌లెట్‌ను థ్రాంబాక్సేన్ తయారు చేయనివ్వదు. క్లోపిడోగ్రెల్ ఏడీపీ కేకను వినిపించనివ్వదు. ప్లేట్‌లెట్లు ఉన్నాయి, పిలుపు అందక నింపాదిగా వస్తాయి. మీకు ఐదు నిమిషాల్లో నిలిచింది ఆయనకు ఆలస్యమైంది అందుకే.

ఇంకొకటి గమనించండి. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ చచ్చేదాకా అలాగే ఉంటుంది, కోలుకోదు. రోజుకు సుమారు పదో వంతు కొత్తవి పుడతాయి. కాబట్టి ఒక రాత్రి మాత్ర మానితే చేతి గాయానికి ఒరిగేది దాదాపు ఏమీ లేదు.

రంగంపేటరైతు | 9:10

చదువుకున్నోళ్ళు అన్నారని అంతా కొట్టిపారేయొద్దు. అరవై ఏళ్ళుగా కొడవలి పట్టుకుని బతికినోణ్ణి. గడ్డిచామంతి ఆకు రసం పిండితే నిలిచిన గాట్లు నా ఒంటి మీదే ముప్పై చూపిస్తా. ఆసుపత్రి పక్కన లేని కాలంలో మాకు ఆకే దిక్కు. మా అబ్బ నేర్పినాడు, నేను నా కొడుకులకు నేర్పినా.

పాతనర్సమ్మ | 9:30

పెద్దాయనా, మీ మాట కొట్టిపారేయను. అడవిలో, చేలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆకు పెట్టి అదిమితే రక్తం నిలుస్తుంది, నేనూ చూశాను. అయితే ఆకు పెట్టినవాళ్ళు దాన్ని వేలితో అదిమి పట్టుకుంటారు, తీసి చూడరు. ఆ అదమడమే సగానికి పైగా పని చేసిందని నా నమ్మకం. నా భయమల్లా మట్టి గురించి. కాఫీపొడి, సున్నం, బూడిద గాటు లోపలికి దిగితే కుట్లు వేసే ముందు గోకి కడగాలి. ఆ నొప్పికి మగాళ్ళు ఏడవడం చూశాను. నేలలో ధనుర్వాతం క్రిములుంటాయి, ఆకుతో పాటు అవీ రావచ్చు. టీటీ సూది ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే రేపే వేయించుకోండి.

రంగంపేటరైతు | 9:41

సూది సంగతి సరే తల్లీ. వేయించుకుంటా.

మంగళికత్తి (తిరుపతి) | 9:55

నాదీ ఒక ప్రశ్న. ఇరవై ఏళ్ళుగా గుండ్లు కొట్టే వృత్తి. పుట్టువెంట్రుకలు తీయించే పసిబిడ్డలు తల తిప్పేస్తారు, ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి చిన్న గీత పడుతుంది. పటిక తడిపి అద్దుతాము. కానీ చేతి మీద అంతే గీత పడితే చుక్క వచ్చి ఆగిపోతుంది, తల మీదైతే ధార కడుతుంది. తల్లులు బెదిరిపోతారు. తలలో రక్తం ఎక్కువా?

బయాలజీటీచరు | 10:15

అన్నా, మంచి ప్రశ్న. తల చర్మంలో నాళాలు దట్టంగా ఉంటాయి, అదొక కారణం. అసలు కారణం ఇంకోటి. తెగిన నాళం ముడుచుకోవడమే మొదటి పని అన్నాను కదా. తల చర్మం కింద బిగువైన పీచు పొర ఉంది. నాళాల గోడలు ఆ పీచుకు అంటుకుని ఉండడంతో తెగినా ముడుచుకోలేవు, నోరు తెరుచుకునే ఉంటాయి. అయితే కింద గట్టి పుర్రె ఉంది కాబట్టి అదిమితే బాగా నిలుస్తుంది. పటిక చర్మాన్ని బిగించి, పైనున్న ప్రొటీన్‌ను పేరబెడుతుంది. చిన్న గీతకు సరిపోతుంది. ఆ ముక్క ఒకరికి వాడింది ఇంకొకరికి వాడకండి.

చుక్కాస్లైడూ (ల్యాబ్ టెక్నీషియన్, చిత్తూరు జిల్లా) | రాత్రి 11:20

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. గాలి తగిలితే రక్తం గడ్డ కడుతుందని మా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది అనుకుంటారు. గాలితో పని లేదు. మూత బిగించిన సీసాలోనూ కడుతుంది. గాజు తగిలితే 12వ ఫ్యాక్టర్ లేచి వేరే దారిలో అదే ఫైబ్రిన్ దగ్గరికి చేరుస్తుంది. మేం లేత నీలం మూత ట్యూబులో తీసిన రక్తం మాత్రం గడ్డ కట్టదు. అందులో 0.3 మిల్లీలీటర్ల సోడియం సిట్రేట్ ఉంటుంది, 2.7 మిల్లీలీటర్ల రక్తం పోస్తాం. సిట్రేట్ కాల్షియాన్ని పట్టేస్తుంది. కాల్షియం లేకపోతే ఫ్యాక్టర్లు ప్లేట్‌లెట్ల మీద కూర్చోలేవు. రక్తదానం సంచిలో రక్తం వారాల తరబడి పారేలా ఉండేది కూడా సిట్రేట్ వల్లే.

నేను అసలు చెప్పాలనుకున్నది పాము సంగతి. శెనక్కాయ చేలల్లో రక్తపింజరి కరిచినవాళ్ళు వస్తారు. దాని విషం 5, 10 ఫ్యాక్టర్లను ఒళ్ళంతా ఒకేసారి లేపేస్తుంది. ఎక్కడా గాయం లేకుండానే వల నేస్తూ నేస్తూ ఫైబ్రినోజెన్ అంతా ఖర్చయిపోతుంది. గంటలు గడిచేసరికి చిగుళ్ళలో, మూత్రంలో రక్తం. మేం చేసే పరీక్ష చాలా చిన్నది. శుభ్రమైన, పొడి, కొత్త గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాం. తర్వాత ఒక్కసారి వంచుతాం. గడ్డ కట్టి ఉంటే జారదు. పారితే విషం రక్తానికి ఎక్కినట్టు, విషానికి విరుగుడైన యాంటీవీనమ్ వెంటనే మొదలవుతుంది. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, సబ్బుతో కడిగిన గొట్టమూ పనికిరాదు. ఆ 20 నిమిషాల్లో ఎవరైనా గొట్టం ఊపి చూస్తే ఫలితం నమ్మలేం. బంధువులు "ఏమైంది ఏమైంది" అంటూ చెయ్యి పెట్టబోతుంటే గొట్టానికి కాపలా కాసిన రాత్రులున్నాయి నాకు.

అందుకే పాము కరిచినచోట బ్లేడుతో కోయొద్దని చేతులెత్తి మొక్కుతున్నా. గడ్డ కట్టే సరుకు అయిపోయిన ఒంటికి మీరే గాయం చేస్తే అది ఎలా ఆగుతుంది? గట్టిగా తాడు కట్టొద్దు. కాలు కదపనివ్వకుండా ఆసుపత్రికి తీసుకురండి.

పశువులడాక్టరు (పలమనేరు) | మర్నాడు ఉదయం 6:30

పాముల మాట వచ్చింది కాబట్టి పశువుల మాట చెప్తాను. 1920లలో కెనడాలో, అమెరికా ఉత్తర ప్రాంతాల్లో ఆవులు, ఎద్దులు కొమ్ములు తీయించినా, విత్తు కొట్టించినా రక్తం ఆగక చచ్చిపోయేవి. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తినడమే కారణమని ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు కనిపెట్టాడు. 1933 చలికాలంలో ఒక రైతు మంచు తుపానులో, చచ్చిన పెయ్యనూ, పాలక్యానులో గడ్డ కట్టని రక్తాన్నీ, ఆ గడ్డినీ ట్రక్కులో వేసుకుని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ దగ్గరికి చేరాడు. పాలక్యాను ఎత్తి మోసేవాళ్ళం మనం, ఆ రైతు కడుపుకోత మనకు తెలుసు. కొన్నేళ్ళ శ్రమ తర్వాత ఆ గడ్డిలో రక్తాన్ని గడ్డ కట్టనివ్వని రసాయనం, డైకుమరాల్ దొరికింది. దాని అడుగుజాడల్లో వచ్చిందే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా, 1954 నుంచి మనుషులకు మందుగా వచ్చింది.

కాలేయం 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు పనికొచ్చేలా తయారు చేయాలంటే విటమిన్ కె కావాలి. వార్ఫరిన్ దానికి అడ్డుపడుతుంది. ఇది ఆస్పిరిన్ దారి కాదు. అక్కడ బస్తాలు ఆలస్యం, ఇక్కడ వలకు నూలు తక్కువ. ఎలుకల మందు బిళ్ళ తిన్న కుక్కలు రెండు మూడు రోజులు బాగానే ఉంటాయి, ఉన్న ఫ్యాక్టర్లు అయిపోయాక రక్తం కక్కుకుంటాయి. తిన్న రోజే తీసుకొస్తే విటమిన్ కె తో చాలావాటిని బతికించుకోవచ్చు. దయచేసి "బాగానే ఉంది కదా" అని ఆగకండి.

ఎనిమిదోఫ్యాక్టర్‌అమ్మ (పుత్తూరు) | ఉదయం 10:05

ఈ చర్చ మొత్తం రెండుసార్లు చదివాను. మా బాబుకు తొమ్మిదేళ్ళు. హీమోఫిలియా ఎ, 8వ ఫ్యాక్టర్ లేదు. టీచరుగారు చెప్పిన పని వాడి ఒంట్లో ఎక్కడ ఆగిపోతుందో ఇవాళ అర్థమైంది. "చిన్న గీత పడితే రక్తమంతా కారిపోతుందా?" అని అందరూ అడుగుతారు. కాదు. వాడి ప్లేట్‌లెట్లు బాగున్నాయి, చిన్న గీతకు రక్తం అందరిలాగే నిలుస్తుంది. వల నేయడం దగ్గరే లోటు. అందుకే నిలిచింది కదా అనుకున్న గాయం గంటల తర్వాత మళ్ళీ మొదలవుతుంది. అంతకంటే బాధ లోపల కారే రక్తం. పడకపోయినా మోకాలు ఉబ్బి, వేడెక్కి, రాత్రంతా ఏడుస్తాడు. ప్రభుత్వాసుపత్రిలో ఫ్యాక్టర్ సూది ఎక్కించాక గానీ నెమ్మదించడు.

మొదట్లో ఒక క్లినిక్కులో జ్వరానికని తొడకు సూది వేశారు. తొడ నల్లగా కమిలి వాచిపోయింది. అప్పటికి మాకు జబ్బు పేరే తెలియదు. ఈ జబ్బు జన్యువు ఎక్స్ క్రోమోజోములో ఉంటుంది, తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. ఆ మాట పట్టుకుని మా ఇంట్లో నన్నెన్ని అన్నారో. కుటుంబంలో ఎవరికీ లేకుండా కొత్తగానూ రావచ్చని డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పాక మా అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. పాకే వయసులో పిల్లాడికి ఊరికే నల్లటి కమిలిన మచ్చలు పడుతుంటే, పండ్లు ఊడినప్పుడు రోజంతా రక్తం వస్తుంటే గడ్డకట్టే పరీక్షలు చేయించండి. ఆస్పిరిన్ లాంటివి ఇవ్వొద్దు.

పాతనర్సమ్మ | 10:30

తల్లీ, బాబు స్కూల్లో కూడా ఈ సంగతి రాసిచ్చి ఉంచు. బ్యాగులో ఒక కార్డు పెట్టు, జబ్బు పేరు, ఫ్యాక్టర్ నంబరు, బ్లడ్ గ్రూపు, నీ ఫోను.

జాతరవీధి (తిరుపతి) | మధ్యాహ్నం 1:15

వల అంటుంటే నాకు మా జేజి గుర్తొచ్చింది. గంగమ్మ జాతరకు పొట్టేలు కోసినప్పుడు నెత్తురు గిన్నెలో పట్టి వేపపుల్లతో తిప్పుతూనే ఉండేది. పుల్లకు తెల్లగా, జిగటగా పీచు చుట్టుకునేది. తీసి పారేసేది. మిగిలిన నెత్తురు ఎంతసేపైనా గడ్డ కట్టేది కాదు. ఆ పీచేనా ఫైబ్రిన్?

బయాలజీటీచరు | 4:40

అదే. ఫైబ్రిన్ రంగు తెలుపు. గడ్డ ఎర్రగా కనిపించేది వలలో ఎర్ర కణాలు చిక్కుకోవడం వల్ల. 1666లో ఇటలీలో మాల్పీగీ గడ్డను నీళ్ళతో కడిగి కడిగి ఆ తెల్ల పీచును చూశాడు. మీ జేజి పుల్లతో తీసి చూసింది. రేపు తరగతిలో ఈ మాట చెప్తాను, మీ అనుమతి ఉంటే.

జాతరవీధి | 5:02

చెప్పండి మేడం. ఆమె ఉంటే ఎంత సంతోషపడేదో.

బెంగళూరాతోట | 11వ రోజు, సాయంత్రం 5:30

అందరికీ దండాలు. ఈ రోజు కుట్లు తీసినారు. పుండు పొడిగా ఉంది. మొన్న నాయన కాలికి ముల్లు దిగి తీస్తే రక్తం వచ్చింది. ఫోనులో టైము పెట్టి 15 నిమిషాలు అదిమి పట్టుకున్నా, మా చెల్లెలు రెండుసార్లు "తీసి చూడన్నా" అన్నా తీయలేదు. తీసేసరికి నిలిచిపోయింది. కడిగి పట్టీ వేసినా. చెల్లెలి కొడుకు ఒకటే అడుగుతున్నాడు, తాత చేతి లోపల కట్టిన గడ్డ ఎక్కడికి పోయిందని.

బయాలజీటీచరు | 6:15

మనవడికి ఇలా చెప్పండి. వల నేసేటప్పుడే దాన్ని కరిగించే సరుకు కూడా అందులోనే ఇరుక్కుని ఉంటుంది, పేరు ప్లాస్మినోజెన్. ప్లేట్‌లెట్లు గంటలోపలే వలను లాగి గట్టిగా దగ్గరికి బిగిస్తాయి, గాటు అంచులు దగ్గరవుతాయి. కింద కొత్త కణాలు పెరుగుతుంటే ప్లాస్మినోజెన్ ప్లాస్మిన్‌గా మారి దారాలను తుంచుతూ పోతుంది. తునకలు రక్తంలో కొట్టుకుపోతాయి. పైన ఎండిన పక్కు మాత్రం దానంతటదే రాలుతుంది, గోకొద్దని చెప్పండి. గాయం లేనిచోటికి గడ్డ పాకకుండా చూసేది నాళం లోపలి నున్నటి పొరే. ఆ పొర పాడైనచోట, తాతకు గుండెలో అయినట్టు, ఇదే మంచి పని చేటు తెస్తుంది.

పాతనర్సమ్మ | 6:40

అబ్బాయ్, నాన్నగారు మాత్రలు వేసుకుంటున్నారా?

బెంగళూరాతోట | 6:44

రోజూ వేసుకుంటాడక్కా. నా ముందరే.